ఆకాశంలో చోటు చెప్పే పాటలు

చుక్కల మీద పాట లేని భాష ఉండదు. ప్రియురాలి కళ్లని చుక్కలతో పోల్చడం, కన్నుమూసినవాళ్లు చుక్కలయ్యారని చెప్పుకోవడం అన్ని దేశాల్లోనూ ఉంది, జపాన్‌లోనూ కావలసినంత ఉంది. అలాంటి పాట వింటున్నప్పుడు తలెత్తి చూడాల్సిన పని లేదు. కళ్లు మూసుకుని విన్నా మనసుకి అందాల్సింది అందుతుంది. జపాన్‌లో దీనికి తోడు ఇంకో రకం పాట కూడా ఉంది. ఫలానా చుక్క ఏ రంగులో ఉంటుందో, ఏ దిక్కున ఉంటుందో, దాని తరవాత దేన్ని వెతకాలో చెప్పే పాట అది. పడవ నడిపేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు, బడిపిల్లలు, ఈ కాలపు యానిమేషన్ అభిమానులు, అందరి నోళ్లలోనూ ఏదో ఒక రూపంలో అది నిలిచింది. చుక్కలు చూడటానికి వెళ్లేవాళ్లు ఇలాంటి పాటల్ని కాలక్షేపం కోసం వెంట తీసుకెళ్లే సంగీతంగా భావిస్తే వాటిని తక్కువ చేసినట్టే. నక్షత్రపటం ఎలా సాధనమో ఈ పాటలూ అలా సాధనాలే, కాకపోతే చెవి ద్వారా పనిచేస్తాయి. ఈ ప్రసంగంలో నేను నిలబెట్టదలచిన మాట ఇదే. మంచి నక్షత్ర గీతాన్ని గుర్తుపట్టడానికి నేను పెట్టుకున్న పరీక్ష కూడా ఒక్కటే. ఆ పాటతో ఆరుబయటికి వెళ్లి పైకి చూస్తే, అందులో చెప్పింది నిజమో కాదో మన కళ్లతో మనం తేల్చుకోగలమా?

మొదటి సాక్ష్యం జపాన్ నైరుతి కొసన, తైవాన్‌కి చేరువలో ఉన్న యాయెయామా దీవులది. పొలం పనుల్లో, ఇళ్లు కట్టే పనుల్లో ఆడవాళ్లు, మగవాళ్లు గుంపులుగా విడిపోయి, వాద్యాలేవీ లేకుండా ఒకరి తరవాత ఒకరు అందుకుంటూ పాడే పాటల్ని అక్కడ యుంతా అంటారు. వాటిలో ఒకటి మురికబుషి యుంతా. మురికబుషి అంటే మన కృత్తికలు, మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచిన చుక్కల గుంపు. పాటలో ఒక కథ ఉంది. ఈ దీవుల్ని మీరు ఏలండి అని ఆకాశానికి రాజైన దేవుడు దక్షిణాన ఉన్న ఏడు చుక్కల్ని అడిగితే అవి మా వల్ల కాదన్నాయి. ఉత్తరాన ఉన్న ఏడు చుక్కలూ అదే మాటన్నాయి. కోపం వచ్చి వాటిని ఆకాశపు అంచులకి తరిమేశాడు. చివరికి చిన్న చుక్కల గుంపు ఒకటి ముందుకొచ్చి సరేనంది. అందుకే మురికబుషి దీవుల నడినెత్తి మీదుగా నడుస్తుందని, దాన్ని చూసి రైతులు విత్తనానికి అదను తెలుసుకోవాలని పాట చెబుతుంది. వినడానికి ఇది పిల్లలకి చెప్పే కథలాగే ఉంటుంది. లెక్క వేసి చూస్తే సంగతి బయటపడుతుంది. ఆకాశంలో కృత్తికల స్థానం ఖగోళ మధ్యరేఖకి ఉత్తరంగా 24 డిగ్రీల దగ్గర. ఇషిగాకి దీవి అక్షాంశం కూడా దాదాపు 24 డిగ్రీలే. అంటే కృత్తికలు సరిగ్గా నడినెత్తి మీదుగా దాటే చోటు అది. టోక్యోలో పాడితే ఈ పాట పది డిగ్రీలకి పైగా తప్పుతుంది. యాయెయామాలో పాడితే తప్పదు. కథలో ఉన్న రాజాజ్ఞ నిజానికి ఆ దీవిలో తలెత్తి చూసిన మనిషి నమోదు చేసిన కొలత.

ఆ దీవుల్లో చుక్కలు చూసే రాళ్లని కూడా పాతారు. హోషిమి ఇషి అని పిలిచే ఆ నిలువు రాళ్ల దగ్గర నిలబడి, కృత్తికలు ఎంత ఎత్తుకి వచ్చాయో చూసి సాగు పనుల వేళ నిర్ణయించేవాళ్లు. ఆ దీవుల్ని ఏలిన ర్యూక్యూ రాజ్యం కాలంలో పెట్టిన తలపన్ను యాయెయామాలో 1903 దాకా సాగింది. పంట పండినా పండకపోయినా తలకి ఇంత అని కట్టాల్సిన చోట అదను తప్పడమంటే ఏమిటో ఊహించుకోవచ్చు. రాయి ఒక్క చోటే ఉంటుంది, పాట ప్రతి మనిషితోనూ పొలానికి వస్తుంది. రెండూ చేసింది ఒకే పని. ఇషిగాకి ఖగోళ పరిశీలనా కేంద్రంలో ఇప్పుడు పనిచేస్తున్న 105 సెంటీమీటర్ల టెలిస్కోపుకి మురికబుషి అనే పేరే పెట్టారు. దానికి ఇంతకంటే తగిన పేరు నాకు తోచదు. యాయెయామాతో పాటు ఒకినావా అంతటా పాడుకునే తిన్సగు ను హనా అనే పాటని కూడా ఇక్కడ చెప్పాలి. పిల్లలు గోళ్లకి రంగు పెట్టుకునే పువ్వు పేరుతో మొదలయ్యే ఆ పాట తల్లిదండ్రుల మాటని మనసుకి పట్టించుకోమని చెబుతుంది. ఒక చరణం ఆకాశంలో చుక్కలనైనా లెక్కపెట్టవచ్చు, పెద్దల మాటల్ని లెక్కించలేమంటుంది. నా పరీక్షకి ఆ చరణం నిలవదు, అక్కడ చుక్కలు పోలిక కోసం వచ్చినవి. ఇంకో చరణంలో మాత్రం రాత్రి వెళ్లే పడవకి ధ్రువ నక్షత్రం గురి అయినట్టే, కన్నవాళ్లకి బిడ్డ గురి అని వస్తుంది. ఆ పోలిక అర్థం కావాలంటే ధ్రువుడు కదలడని, పడవవాళ్లు దాన్ని చూసి దారి పట్టుకుంటారని వినేవాడికి ముందే తెలిసి ఉండాలి. దీవుల్లో అది అందరికీ తెలిసిన విషయం కాబట్టే అలా పాడగలిగారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. రైతుకి, పడవవాడికి చుక్కలతో అవసరం ఉంది కాబట్టి పాట సాధనమైంది, క్యాలెండర్లు, దిక్సూచిలు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది, ఆ తరవాతి పాటలన్నీ వట్టి అలంకారాలే అని. దీనికి జవాబుగా మియాజావా కెంజి కనిపిస్తాడు. ఉత్తర జపాన్‌లో ఇవాతే ప్రాంతపు హనమాకి ఆయన ఊరు. 1896లో పుట్టి 1933లో కన్నుమూశాడు. అక్కడి వ్యవసాయ పాఠశాలలో పాఠాలు చెప్పాడు, నేలల గురించి, ఎరువుల గురించి రైతులకి సలహాలిచ్చాడు, కథలు, కవితలు రాశాడు. హోషి మెగురి నో ఉతా, అంటే చుక్కల ప్రదక్షిణ పాట, ఆయనే రాసి ఆయనే బాణీ కట్టాడు. అది జంట నక్షత్రాలు అనే కథలో వస్తుంది. పాలపుంత ఒడ్డున చిన్న స్ఫటికపు ఇళ్లలో ఉండే ఇద్దరు చుక్కపిల్లలు రాత్రంతా ఈ పాటకి తగ్గట్టు వెండి పిల్లనగ్రోవి వాయించాలి, అదే వాళ్ల ఉద్యోగం. తరవాత ఆయన చనిపోయాక 1934లో అచ్చయిన పాలపుంత రైలు కథలో, పండుగ రాత్రి పిల్లలు ఈ పాటనే ఈల వేస్తూ తిరుగుతారు. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ ముగింపు వేడుకలో నటి ఒతాకే షినోబు పిల్లలతో కలిసి పాడింది కూడా ఇదే. పాట చాలా చిన్నది. ఎర్రటి కంటితో తేలు, రెక్కలు చాపిన గద్ద, నీలికళ్ల కుక్కపిల్ల, చుట్టలు చుట్టుకున్న వెలుగు పాము వరసగా వస్తాయి. ఎత్తున పాడే ఓరియన్ వేటగాడు మంచుబిందువుల్నీ నూగుమంచునీ రాలుస్తాడు. ఆ తరవాత చేప నోటిలాంటి ఆండ్రోమెడా మబ్బు, పెద్ద ఎలుగు కాలు, చిట్టి ఎలుగు నుదురు. ఆ నుదుటి పైనే ఆకాశం తిరిగే ఇరుసు ఉందని పాట ముగుస్తుంది.

ఖగోళం తెలిసినవాళ్లు ఈ పాటలో తప్పులు పట్టుకున్నారు, ఆ తప్పులు నిజంగా తప్పులే. తేలులో ఎర్రటి చుక్క ఆంటారెస్, మన జ్యేష్ఠ. అది తేలుకి గుండె దగ్గర ఉంటుంది, కంటి దగ్గర కాదు. కుక్కపిల్ల రాశిలో పెద్ద చుక్క ప్రోసియాన్ పసుపు కలిసిన తెలుపు. నీలి తెలుపులో మెరిసేది పక్కనున్న పెద్ద కుక్కలోని సిరియస్, మన లుబ్ధకుడు. చేప నోరు అనే పేరు ఖగోళ శాస్త్రవేత్తలు వాడేది ఓరియన్ నీహారికలోని ఒక చీకటి భాగానికి, ఆండ్రోమెడాకి కాదు. చిట్టి ఎలుగులో ధ్రువుడు ఉండేది తోక కొసన, నుదుటి దగ్గర కాదు. మరి ఇన్ని తప్పులున్న పాటని సాధనమనడం ఎలా? నేను చెప్పేది, తప్పుల్ని కూడా రెండు రకాలుగా చూడాలి. తేలు కన్ను, కుక్కపిల్ల రంగు లాంటివి చూపుని చెడగొట్టవు. తేలులో ఎర్రటి చుక్క ఉందని పాట చెబితే, వేసవి రాత్రి దక్షిణాన తక్కువ ఎత్తులో వెతికినవాడికి జ్యేష్ఠే దొరుకుతుంది. హనమాకి నుంచి అది 24 డిగ్రీలు దాటి పైకి రాదు, అంత కింద అంత ఎర్రగా మెరిసే చుక్క ఇంకోటి లేదు. దొరికాక అది కన్నా గుండెనా అని పటం చూసి సరిదిద్దుకోవచ్చు. ఆండ్రోమెడా మబ్బు కూడా అలాంటిదే. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మరో నక్షత్రలోకాన్ని కంటితో చూడొచ్చని ఒక పల్లెటూరి పిల్లవాడికి తెలియజెప్పిన మాట, అది ఏ ఆకారంలో ఉందన్న చోట తడబడినా, విలువైనదే. రెండో రకం తప్పు వేరు. పెద్ద ఎలుగు కాలిని ఉత్తరానికి అయిదింతలు సాగదీయమని పాట అంటుంది. ధ్రువుణ్ణి పట్టుకునే అసలు పద్ధతి సప్తర్షుల్లో తోకకి అవతలి కొసన ఉన్న రెండు చుక్కల మధ్య దూరాన్ని అయిదింతలు పొడిగించడం. ఆ రెండు చుక్కలూ ఎలుగు పక్కన, వీపున ఉంటాయి, కాళ్లలో కాదు. కాళ్ల నుంచి సాగదీస్తే చూపు దారి తప్పుతుంది. ఇక్కడ పాటని వెనకేసుకు రావడం నాకు ఇష్టం లేదు. పిల్లలకి నేర్పేవాళ్లు ఈ ఒక్క చోట ఆగి, చేత్తో చూపించి, సరిదిద్ది ముందుకు పోవాలి.

ఈ తప్పుల లెక్క తేల్చాక కూడా కెంజి పాటలో మిగిలే గొప్పతనం దాని వరస. తేలు, గద్ద వేసవివి. కుక్కపిల్ల, వేటగాడు చలికాలానివి. వాటి తరవాత వచ్చే ఆండ్రోమెడా శరదృతువుది. ఏ ఒక్క రాత్రిలోనూ ఇవన్నీ సాయంత్రమే కలిసి కనిపించవు. పాట మొత్తం ఒక ఏడాది. చివర వచ్చే ధ్రువుడు ఏడాది పొడుగునా కనిపించేవాడు, తక్కినవాటి తిరుగుడంతా ఎవరి చుట్టూ జరుగుతుందో వాడు. ఇది అనుకోకుండా కుదిరిందని నేను అనుకోను. పొలాల్లో పనిచేసే పిల్లలకి పాఠం చెప్పిన మాస్టారు, ఆకాశం ఎలా తిరుగుతుందో ఒక్క శ్వాసలో చెప్పడానికి కట్టిన పాట ఇది. ఇందులో ప్రేమ లేదు, వియోగం లేదు, నేను అనే మాటే లేదు. ఇంత నిర్లిప్తంగా ఉన్న పాటని జనం వందేళ్లుగా ఇష్టంగా పాడుతున్నారంటే, చోటు చెప్పడంలోనే ఒక సంతోషం ఉందని ఒప్పుకోవాలి.

చోటు చెప్పని పాటకి ఉదాహరణ కావాలంటే, అందరికీ తెలిసిన తనాబాతా పాట ఉంది. తనాబాతా పండుగనాడు పిల్లలు రంగు కాగితాల మీద కోరికలు రాసి వెదురు కొమ్మకి కడతారు. ఏడాదికొక్క రాత్రి పాలపుంత దాటి కలుసుకునే నేతపిల్ల, పశువుల కాపరి కథ దాని వెనక ఉంది. నేతపిల్ల వేగా, అంటే మన అభిజిత్తు. కాపరి ఆల్టెయిర్, అంటే మన శ్రవణం. 1941లో బడి పుస్తకంలోకి వచ్చిన ఆ పాట అందమైనదే, కానీ అందులో వెదురాకుల చప్పుడు, చూరు, రంగు కాగితాలు ఉన్నంతగా ఆ రెండు చుక్కలు లేవు. ఎక్కడ చూడాలో అది చెప్పదు. దానికి తోడు తేదీ కూడా చెడింది. 1873లో జపాన్ చాంద్రమానం వదిలి పాశ్చాత్య క్యాలెండర్‌కి మారింది, ఏడో నెల ఏడో రోజు కాస్తా జులై 7 అయింది. అది వానల కాలం. పిల్లలు మబ్బుల కింద నిలబడి చుక్కల పాట పాడాల్సి వస్తోంది. జపాన్ జాతీయ ఖగోళ పరిశీలనా సంస్థ 2001 నుంచి పాత లెక్క ప్రకారం అసలు తనాబాతా ఏ రోజో ఏటా ప్రకటిస్తోంది. ఎక్కువ ఏళ్లలో అది ఆగస్టులో, మన శ్రావణ శుద్ధ సప్తమి ప్రాంతంలో పడుతుంది. ఆ రాత్రి అర్ధచంద్రుడు అర్ధరాత్రి లోపే అస్తమించి పాలపుంత బయటపడుతుంది. పున్నమినాటి చంద్రుడు శ్రవణం దగ్గర ఉండే నెలకి మనం శ్రావణం అని పేరు పెట్టుకున్నాం. వాళ్లు ఎదురుచూసే కాపరి ఆ నక్షత్రమే. ఒక శాస్త్ర సంస్థ పండుగ తేదీ గురించి పట్టించుకోవడం చూస్తే, పాటకి, చూపుకి మధ్య తెగిన దారాన్ని మళ్లీ ముడి వేయాలని వాళ్లకీ తోచిందనిపిస్తుంది.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. జపాన్ ప్రజల గుండెకి అన్నిటికంటే దగ్గరైన నక్షత్ర గీతం సకామోతో క్యూ పాడిన మియాగెతె గోరాన్ యోరు నో హోషి వో, రాత్రి చుక్కల్ని తలెత్తి చూడమని చెప్పే పాట. అందులో ఒక్క చుక్క పేరు లేదు, ఒక్క దిక్కు లేదు. నా పరీక్ష ప్రకారం అది ఓడిపోవాలి. ఆ పాట ఎక్కడ పుట్టిందో చూస్తే ఈ తీర్పు తొందరపాటని అర్థమవుతుంది. 1960లో అదే పేరుతో ఒక సంగీత నాటకం వచ్చింది. పగలు ఫ్యాక్టరీల్లో పనిచేసి రాత్రి బడికి వెళ్లి చదువుకునే కుర్రాళ్ల కథ అది. ఏయి రోకుసుకె మాటలు రాశాడు, ఇజుమి తాకు బాణీ కట్టాడు. 1963లో సకామోతో పాడిన రికార్డు దేశమంతా మోగింది. బడి వదిలిన వేళకి బయట చీకటి. పల్లెల్ని వదిలి నగరానికి పనికొచ్చిన పదిహేను పదహారేళ్ల పిల్లలకి సొంతమని చెప్పుకోవడానికి ఉన్నది ఆ చీకట్లో తల పైన ఉన్నదే. వాళ్లకి అభిజిత్తు ఏదో చెప్పడం రెండో మెట్టు, ముందు తలెత్తమని చెప్పడం మొదటి మెట్టు. ఈ పాట మొదటి మెట్టు దగ్గర ఆగిపోయింది, కానీ అంత బాగా ఆ పని చేసిన పాట ఇంకోటి లేదు. 2011 మార్చి 11న భూకంపం, సునామీ వచ్చిన రాత్రి సెండాయ్ నగరమంతా కరెంటు లేక చీకటైంది. అంతటి విపత్తులో తలెత్తినవాళ్లకి ఆ నగరంలో మునుపెన్నడూ కనిపించనన్ని చుక్కలు కనిపించాయి. ఆ రాత్రి చుక్కల్ని చూసినవాళ్ల మాటలతో సెండాయ్ నగర ఖగోళ కేంద్రం ఆ తరవాత ఒక ప్లానెటేరియం కార్యక్రమం తయారుచేసింది. సకామోతో పాటని ఆ ఏడాది మళ్లీ ఎంతోమంది పాడారు. పేరు లేని చుక్కల పాట అవసరమయ్యే వేళలు ఉన్నాయి, నా పరీక్షకి ఆ ఒక్క మినహాయింపు ఇస్తాను. తనిమురా షిన్‌జీ 1980లో పాడిన సుబారు విషయంలో అంత ఉదారంగా ఉండలేను. సుబారు అంటే కృత్తికలే. పాట గంభీరంగా ఉంటుంది, ఆసియా అంతటా పాడారు. అయితే అందులో కృత్తికలు ఒక మనిషి ప్రయాణానికి సాక్షిగా నిలబడతాయే తప్ప, వాటిని ఎలా వెతకాలో ఆ పాట వల్ల తెలియదు.

కొత్త తరం పాటలు ప్రేమ చుట్టూ తిరుగుతాయి, వాటికి ఆకాశంతో పనేముందని పెద్దలు అనొచ్చు. వాళ్లకి జవాబు ఉంది. 2001లో బంప్ ఆఫ్ చికెన్ బృందం తెంతాయ్ కన్సోకు పాడింది. ఆ మాటకి ఖగోళ పరిశీలన అని అర్థం. అందులో కుర్రాడు తెల్లవారుజామున రెండు గంటలకి రైలు గేటు దగ్గరికి టెలిస్కోపు మోసుకొస్తాడు, నడుం బెల్టుకి రేడియో కట్టుకుంటాడు, వాన రాదని అందులో వింటాడు. చుక్క పేర్లు లేకపోయినా పరిశీలకుడి తయారీ మొత్తం ఆ నాలుగు మాటల్లో ఉంది. వేళ, చోటు, పరికరం, వాతావరణ సూచన, ఏదీ వదల్లేదు. 2009లో సూపర్‌సెల్ బృందం బకెమొనొగతారి అనే యానిమేషన్ సీరియల్ కోసం చేసిన కిమి నో షిరానై మొనొగతారి ఇంకా ముందుకెళ్లింది. వేసవి రాత్రి కొందరు స్నేహితులు చుక్కలు చూడటానికి చీకటి దారిలో నడుస్తారు. ఇష్టపడిన కుర్రాడు చెయ్యి చాపి వేసవి త్రిభుజాన్ని చూపిస్తాడు. డెనెబ్, ఆల్టెయిర్, వేగా పేర్లు వరసగా బాణీలో పడతాయి. అమ్మాయి నేతపిల్లని కనిపెట్టేస్తుంది, కాపరి ఎక్కడున్నాడని వెతుకుతుంది. చుక్కలు చూడటం కొత్తగా మొదలుపెట్టిన ఎవరికైనా ఎదురయ్యే చిక్కు ఇదే. వేగా వెంటనే దొరుకుతుంది, ఆల్టెయిర్ దొరకడానికి కాస్త సమయం పడుతుంది, అటూ ఇటూ చిన్న చుక్కలున్న మూడింటి వరస కోసం చూడాలి. ఆ అమ్మాయి చెప్పలేకపోయిన ప్రేమ పాటకి ప్రాణమే, కాదనను. అయినా ఆ ప్రేమ ఆ మూడు చుక్కల మీద ఆనుకుని నిలబడింది. వాటిని తీసేస్తే పాట కూలిపోతుంది. అలంకారానికి, ఆధారానికి తేడా అక్కడ తెలుస్తుంది.

ఈ పాటల విషయంలో నాకు నిజంగా బాధ కలిగించేది ఒకటుంది. ఈ పాటల్లో వినిపించే పేర్లలో ఎక్కువ అరబ్బీ, గ్రీకు, లాటిన్ పేర్లు. జపాన్ జాలరులు, రైతులు పెట్టుకున్న పేర్లు చాలావరకు పాటల్లోకి రాలేదు. నోజిరి హోయెయి అనే రచయిత, 1885 నుంచి 1977 దాకా జీవించినవాడు, ఊరూరా ఆ పేర్లని సేకరించి పుస్తకాలుగా వేయకపోతే అవి ఎప్పుడో పోయేవి. సెతో లోపలి సముద్రం ఒడ్డున తేలుని చేపల గాలం అన్నారు. తోక వంపు చూసినవాళ్లకి ఆ పేరు ఎంత సరిపోయిందో తెలుస్తుంది. ఓరియన్‌లో తెల్లగా మెరిసే రైజెల్‌ని గెంజీ చుక్క, ఎర్రటి బీటెల్‌గీజ్‌ని హేయికే చుక్క అన్నారు. పన్నెండో శతాబ్దంలో యుద్ధం చేసుకున్న ఆ రెండు వంశాల జెండాల రంగులవి. టోక్యోకి ఆగ్నేయాన బోసో ద్వీపకల్పం కొసలో మేరా అనే రేవు ఉంది. అక్కడి నుంచి దక్షిణాన సముద్రపు అంచున చలికాలంలో కాసేపు కనిపించి మునిగిపోయే చుక్కని మేరా చుక్క అన్నారు. సముద్రంలో పోయిన జాలరుల ఆత్మ అదని, అది కనిపిస్తే తుఫాను వస్తుందని భయపడ్డారు. అది కానోపస్, మన అగస్త్య నక్షత్రం. ఇలాంటి పేర్లతో ఒక్క కొత్త పాట వచ్చినా కెంజి పాట పక్కన నిలబడేది.

ఫోను పైకెత్తితే ప్రతి చుక్క పేరూ తెర మీద వస్తుంటే పాటలెందుకు అనేవాళ్లకి జవాబు కంటిలోనే ఉంది. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. తెల్లటి తెర వెలుతురు ఒక్కసారి తగిలితే ఆ అలవాటంతా పోయి మళ్లీ మొదటి నుంచి ఆగాలి. పాట కంటిని ముట్టుకోదు. వేళ్లు మొద్దుబారే చలిలో కూడా పనిచేస్తుంది. చుక్కలు చూసే చోట మౌనంగా ఉండాలి, పాటలు పక్కవాళ్లకి ఇబ్బంది అనే మాటలో న్యాయం ఉంది. స్పీకర్లు పెట్టి మోగించమని నేనూ చెప్పను, కూనిరాగం చాలు. నగరాల్లో చుక్కలే కనిపించవు కదా అన్న మాటకి మాత్రం సగమే ఒప్పుకుంటాను. ఒకయామా ప్రాంతంలోని బిసేయి అనే ఊరు ఆకాశాన్ని చీకటిగా ఉంచడానికి 1989లోనే జపాన్‌లో మొదటి కాంతి కాలుష్య నిబంధన చేసుకుందంటే సమస్య ఎంత పాతదో తెలుస్తుంది. కానీ పాటల్లోకి ఎక్కిన చుక్కల్ని ఒకసారి లెక్కపెట్టండి. జ్యేష్ఠ, శ్రవణం, అభిజిత్తు, డెనెబ్, ప్రోసియాన్, ఓరియన్, అన్నీ బాగా వెలిగేవే. హైదరాబాదు మేడ మీద నుంచి కూడా ఇవి కనిపిస్తాయి. ఆండ్రోమెడా మబ్బు లాంటివాటికే ఊరి బయటి చీకటి కావాలి.

తెలుగు నేల మీద ఏ జపాన్ పాట బాగా పనికొస్తుందని అడిగితే నేను చెప్పేది ఫుయు నో సెయిజా, చలికాలపు నక్షత్రాలు. కెంజి తేలు, గద్ద వచ్చే నెలల్లో మనకి వాన మబ్బులు, తనాబాతాకి పట్టిన గతే వాటికీ పడుతుంది. ఈ చలికాలపు పాట 1947లో జపాన్ బడి పుస్తకంలో వచ్చింది. బాణీ అమెరికాది, విల్ హేస్ 1871లో కట్టిన ఒక ప్రేమ గీతానిది. మాటలు హొరియుచి కెయిజోవి. ఆయన అమెరికాలో ఇంజినీరింగు చదివి, తరవాత సంగీత విమర్శకుడై జపాన్ రేడియోలో ఏళ్ల తరబడి శాస్త్రీయ సంగీతాన్ని పరిచయం చేశాడు. పరాయి బాణీ కాబట్టి ఇది జపాన్ పాట కాదనేవాళ్లున్నారు. బాణీ ఎక్కడిదైనా మాటలు చూపించే ఆకాశం జపాన్‌ది. ఓరియన్ పైకి లేస్తాడు, కృత్తికలు గుసగుసలాడతాయి, సప్తర్షుల సూది అనంతం వైపు చూపిస్తుంది. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తరాన ఉంది, టోక్యో 36 దగ్గర. అందుకే అక్కడ సప్తర్షుల్లో కొన్ని అస్తమించవు, మనకి ఏడూ అస్తమిస్తాయి, కాస్త ఎదురుచూడాలి. జనవరి నడిమి రోజుల్లో రాత్రి 11 గంటలకి ఉత్తరం వైపు అడ్డు లేని మేడ ఎక్కితే, ఈశాన్యాన ఆ ఏడు చుక్కల్లో ఎక్కువ భాగం పైకొచ్చి ఉంటాయి. ఓరియన్ నడిమింటి నుంచి కొద్దిగా పడమటికి వాలి ఉంటాడు, కృత్తికలు అతనికి ముందు పడమట దిగుతుంటాయి. పాట చెప్పిన మూడూ ఒకే చూపులో సరిచూసుకోవచ్చు. అదే వేళకి దక్షిణానికి తిరిగితే, మేరా జాలరులు సముద్రపు అంచున చూసి భయపడిన అగస్త్యుడు మనకి దాదాపు 20 డిగ్రీల ఎత్తున, లుబ్ధకుడి కింద నిలకడగా వెలుగుతుంటాడు. ఆ పాటలో అతని పేరు లేదు. టోక్యో బడి పిల్లలకి దాదాపు కనిపించని చుక్కని అందులో పెట్టడంలో అర్థం లేదు కదా. తెలుగులోకి దాన్ని తెచ్చుకునేవాళ్లు మాత్రం అగస్త్యుడి కోసం ఒక చరణం సొంతంగా రాసుకోవాల్సి ఉంటుంది.